ఆరువేల అడుగుల ఎత్తున తుఫాను మెట్లు

హిమాలయాల్లో ఆరువేల అడుగుల ఎత్తున ఉన్న మా ఊరికి తుఫాను షెల్టరు కట్టిస్తామని పట్టుబట్టిన మనుషుల మధ్య కొన్నేళ్ళ కిందట కొన్ని రోజులు గడిపి వచ్చాను. అంత మంచివాళ్ళను నేను ఇంతకు ముందు చూడలేదు. అంత మొండివాళ్ళనూ చూడలేదు. గుడివాడ, బందరు, దివిసీమ మీలో కొందరికి తెలిసిన ఊళ్ళే కావచ్చు. కొండ మనుషులిద్దర్ని వెంటబెట్టుకుని తిరిగితే మాత్రం అది వేరే దేశం. అందుకే రాస్తున్నాను.

నేను నర్సుని. పుట్టింది కోవెలకుంట్ల దగ్గర. ఉద్యోగం వెతుక్కుంటూ గఢ్వాల్ కొండల్లో ఒక చిన్న ఆసుపత్రికి చేరాను, అక్కడే జుట్టు నెరిసింది. భూకంపంలో ఆ ఆసుపత్రి పడిపోయింది, దాని పక్కనున్న బడీ పడిపోయింది. రాత్రిపూట వచ్చింది కాబట్టి బడిలో పిల్లలు లేరు. పగలు వచ్చి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన రాకుండా నేనూ, బడి టీచరు గోదాంబరీ ఏదో ఒక పని కల్పించుకుంటూ ఉంటాం. ఆ తర్వాత బడి ఒక డేరాలో, ఆసుపత్రి ఇంకో డేరాలో నడిచాయి. డేరాలో కాన్పులు చేయడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మంచు మొదలైతే ఆ డేరాలు కూడా నిలిచేవి కావు.

అలాంటప్పుడు గుడివాడలో రైసుమిల్లు ఉన్న వెంకటరత్నం గారనే ఆయన మా సంగతి పేపర్లో చదివి కబురు చేశారు. ఆయన పుట్టింది దివిసీమలో. ఉప్పెన తర్వాత ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి తన ఊరిని నిలబెట్టారట. ఇప్పుడు తను బడినీ ఆసుపత్రినీ కలిపి మాకొక బిల్డింగు కట్టిస్తారట. షరతు ఒక్కటే. మేం వచ్చి వాళ్ళ ఊరి తుఫాను షెల్టరు చూడాలి, అచ్చం అలాంటిదే కట్టుకోవాలి. చూడనివాళ్ళ కోసం చెప్తాను: షెల్టరంటే స్తంభాల మీద నిలబెట్టిన మేడ. కింద ఖాళీ, పైన గదులు, పక్కన మెట్లు. నీళ్ళొస్తే కింద నుంచి పోతాయి, జనం పైన బతుకుతారు.

మా జిల్లా టౌనులో అచ్చం అలాంటి లాడ్జి ఒకటి ఉండేది. కింద జీపులు పెట్టుకోవడానికి స్తంభాలు, పైన గదులు. భూమి కదిలినప్పుడు ముందు విరిగినవి ఆ స్తంభాలే. మా ఆసుపత్రి ఆయా సురేశీ చుట్టాల పెళ్ళికని వెళ్ళి ఆ రాత్రి అందులో పడుకుంది. ఆమెను బయటికి తీసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఊరి పెద్దలు మమ్మల్ని సాగనంపుతూ చెప్పిన మాట కూడా ఒక్కటే: బిల్డింగు తీసుకురండి, స్తంభాలు వద్దని చెప్పి రండి. ఆ "వద్దు" చెప్పడానికి ముగ్గురం రైలెక్కాం. ఊరి ప్రధాన్ కుందన్ సింగ్, గోదాంబరి టీచర్, దుబాసీగా నేను.

గుడివాడ: నీలం అలలు

వెంకటరత్నం గారు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. స్టేషన్లో కుందన్ సింగ్‌ని చూడగానే కావలించుకుని "రండి బావగారూ" అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటని కుందన్ సింగ్ నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. ఎవరి చెల్లెలిని ఎవరికి ఇచ్చారు, తనను అడక్కుండా ఈ సంబంధం ఎవరు ఖాయం చేశారు అని కారులో ఇంటికి చేరేదాకా ఒకటే ప్రశ్నలు. ఇక్కడ మంచినీళ్ళిచ్చినవాణ్ణి కూడా బావా అనే పిలుస్తారని చెబితే నమ్మలేదు.

హాల్లో బల్ల మీద థర్మోకోల్‌తో చేసిన మా బిల్డింగు ఉంది. కాలేజీ పిల్లలెవరితోనో చేయించారట. సన్నటి స్తంభాలు, వాటి మీద గదులు, అగ్గిపుల్లలతో మెట్లు. వెనకాల రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు వేసి మా కొండలు పెట్టారు. స్తంభాల కింద నీలం రంగుతో అలలు వేశారు. అలల మీద తెల్లటి నురగ కూడా ఉంది.

గోదాంబరి ఆ అలలను వేలితో ముట్టుకుని చూసి, ఇదేమిటని అడిగింది. నేను వెంకటరత్నం గారికి వీలైనంత మెత్తగా చెప్పబోయాను, మా ఊళ్ళో సముద్రం ఉండదని.

"మీ ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉంటుందమ్మా?" అన్నారాయన.

"ఆరువేల అడుగులండి."

ఆయన రంపపు పొట్టు కొండల్నీ నీలం అలల్నీ మార్చి మార్చి చూశారు. "అయినా నీటిని నమ్మకూడదమ్మా" అన్నారు.

స్తంభాల సంగతి అక్కడే ఎత్తుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు పెసరట్టు ఉప్మా పళ్ళేలతో వచ్చారు. టిఫినయ్యాక మాట్లాడుకుందామన్నారు. టిఫినయ్యాక స్నానాలన్నారు. స్నానాలయ్యాక భోజనాలు. భోజనం అయ్యాక కాస్త నడుం వాల్చమన్నారు. లేచేసరికి కాఫీ, కాఫీతోపాటు జంతికలు. నేను పుట్టినచోట చుట్టానికి సంగటి ముద్ద పెట్టి, వచ్చిన పనేమిటని వెంటనే అడుగుతారు. మా కొండల్లో అయితే పని మాట్లాడుతూనే రొట్టె కాలుస్తారు. కృష్ణా జిల్లాలో మాత్రం వచ్చినవాళ్ళ పని గురించి అడగడం మర్యాద కాదు. కడుపు నిండేదాకా అడగరు, నిండిన తర్వాత మనకే చెప్పే ఓపిక ఉండదు.

కుందన్ సింగ్ దెబ్బతిన్నది ఉలవచారు దగ్గర. మా కొండల్లో ఉలవలు లేని ఇల్లుండదు. గహత్ అంటారు. పూర్వం బండ పగలగొట్టాలంటే దాని మీద మంటపెట్టి, పైన ఉలవల నీళ్ళు పోసేవాళ్ళని కూడా చెప్పుకుంటారు. అన్నీ తెలియని వంటకాల మధ్య ఆ వాసన తగిలేసరికి ఆయన తలెత్తాడు. సీతామహాలక్ష్మి గారు దాని మీద మీగడ వేశారు. ఆయన కళ్ళు తడయ్యాయి. ఇంటినుంచి ఇంత దూరంలో ఎవరో తన ఊరి పప్పుకి ఇంత మర్యాద చేశారని నాతో అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పాను. ఇంక చూసుకోండి, మిగిలిన రోజులన్నీ ప్రతి పూటా ఉలవచారే. అంత తిన్నాక స్తంభాలు వద్దని ఏ మొహంతో చెప్పమంటావని రాత్రి నన్నే నిలదీశాడు.

గోదాంబరికి దోమతెర కొత్త. మంచం చుట్టూ వల కట్టారు, రాత్రిపూట ఇక్కడ చేపలు మంచం దాకా వస్తాయా అని అడిగింది. ఇక్కడి పద్ధతి చూస్తే వచ్చినా వస్తాయని చెప్పాను.

కూచిపూడి మీదుగా

మర్నాడు బందరు ప్రయాణం. థర్మోకోల్ బిల్డింగు కూడా మాతోపాటే కారెక్కింది. దివిసీమలో అసలు షెల్టరు పక్కన దీన్ని పెట్టి అందరికీ చూపించాలని వెంకటరత్నం గారి కోరిక. ముందు సీట్లో కుందన్ సింగ్ ఒళ్ళో పెట్టారు. బావగారు కాబట్టి కాదనలేకపోయాడు.

దారి పొడుగునా వరిచేలు. పొట్టకొచ్చిన పైరు. నేను కిటికీలోంచి కళ్ళు తిప్పుకోలేదు. కరువు నేల మీద పుట్టినదాన్ని, అంత పచ్చదనం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది. కుందన్ సింగ్ మాత్రం ఒకటే దిగులుగా ఉన్నాడు. ఎటు చూసినా చూపు ఆగే చోటు లేదు. మా ఊళ్ళో కన్నెత్తితే కొండ అడ్డొస్తుంది, ఎక్కడున్నామో తెలుస్తుంది. ఇక్కడివాళ్ళు సాయంత్రం ఇంటికి ఎలా వెళ్తారు, ఏ గుర్తు చూసుకుని తిరుగుతారు అని అడిగాడు. ఇంకొంచెం దూరం పోయాక కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. నేరేడుపండంత గులకరాయి దొరికినా చేతిలో పట్టుకుంటానన్నాడు. డ్రైవరు కారాపి వెతికాడు. దొరకలేదు. ఇక్కడ రాయి కావాలంటే లారీలో తెప్పించుకుంటారని, దానికి రేటుంటుందని డ్రైవరు చెప్పాడు. కుందన్ సింగ్ కారు దిగి నవ్వడం మొదలుపెట్టాడు. పొలాల్లో పనిచేసేవాళ్ళు తలెత్తి చూసేదాకా నవ్వాడు. మా ఊళ్ళో రాళ్ళు ఎత్తి పారేసినవాడికి కూలి ఇస్తారు మరి.

గుంతల దగ్గర కారు ఎగిరినప్పుడల్లా ఒళ్ళో స్తంభాలు వణుకుతున్నాయి. పామర్రు దాటేసరికి ఒకటి ఊడి సీటు కింద పడింది. ఆయన దాన్ని తీసి గుట్టుగా జేబులో పెట్టుకున్నాడు.

కూచిపూడి మీదుగా వెళ్తూ అతిథులకు నాట్యం చూపించకపోతే వెంకటరత్నం గారికి అన్నం సహించదు. ఆగాం. ఒక అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, నెత్తిన నీళ్ళచెంబు పెట్టుకుని ఆడింది. కింద పళ్ళెం నేలంతా తిరుగుతోంది, పైన చెంబు కదల్లేదు, చుక్క నీరు తొణకలేదు. కుందన్ సింగ్ ఊపిరి బిగబట్టి చూశాడు. అయిపోయాక నా వైపు వంగి, మనకు కావలసిన బిల్డింగు ఇదే, ఈ పిల్లని అడుగు అన్నాడు. అనకూడదనుకుంటూనే తెలుగులో చెప్పేశాను. వెంకటరత్నం గారి ముఖం వెలిగిపోయింది. బావగారికి బిల్డింగు నచ్చిందని డ్రైవరుతో కూడా చెప్పుకున్నారు. దుబాసీ పనికి నేను పనికిరానని ఆ పూట తేలిపోయింది.

బందరు: చెక్కేసిన రాయి

బందరు లడ్డు గురించి ఎవరైనా మీకు చెప్పి ఉంటే అది నిజమే. నోట్లో పెట్టుకుంటే నమిలే పని ఉండదు. గోదాంబరి రెండు డబ్బాలు కొంది. చిలకలపూడి రోల్డుగోల్డు గాజులు కూడా బేరమాడింది. అసలు బంగారం కాదని ఆ కొట్టతను తనంతట తానే గర్వంగా చెప్పడం చూసి ఆశ్చర్యపోయింది. మా కొండల సంతలో రాగిని కూడా బంగారమనే అమ్ముతారు.

సాయంత్రం మమ్మల్ని ఒక శిల్పాల కొట్టుకి తీసుకెళ్ళారు. రాళ్ళ మీద పేర్లు చెక్కే మస్తాన్ గారు పెద్ద పాలరాతి పలక మీది గుడ్డ తీశారు. తెలుగులోనూ హిందీలోనూ చెక్కారు: వెంకటరత్నం గారి పేరు, కుందన్ సింగ్ పేరు, కింద స్తంభాల బిల్డింగు బొమ్మ, దాని కింద అలలు. చిక్కంతా ఇక్కడే మొదలైంది. మేం ఇంకా ఔనని చెప్పనేలేదు, శిలాఫలకం తయారైపోయింది. ఇనుప చువ్వలు కూడా కొలతలకు వంచి మిల్లులో పేర్చి ఉంచారట, లారీకి ఎక్కించడమే తరువాయి.

మస్తాన్ గారికి ఉర్దూ వచ్చు. దుబాసీ అక్కరలేని మనిషి దొరికేసరికి కుందన్ సింగ్ ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, రెండు రోజులుగా గొంతులో అడ్డుపడ్డదంతా కక్కేశాడు. మస్తాన్ గారు ఓపిగ్గా విని, తనకూ అర్థమైందన్నారు. వెంకటరత్నం గారు ధర్మాత్ముడని, ఆయనకు "వద్దు" అన్న మాట మాత్రం వినపడదని చెప్పారు. ఇరవై మాటలు మాట్లాడితే మిగిలినవన్నీ వింటారట. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని టీ తాగారు. రాలిన పాలరాతి ముక్క ఒకటి ఆయన కుందన్ సింగ్ చేతిలో పెట్టారు. ప్రయాణం అయ్యేదాకా అది ఆయన గుప్పిట్లోనే ఉంది, కళ్ళు తిరగడం కూడా తగ్గింది.

ఊడిన స్తంభాన్ని మస్తాన్ గారి కొట్టులోనే జిగురుతో అంటించారు. కొంచెం వంకరగా నిలబడింది.

ఆ రాత్రి మేం ముగ్గురం తగువులాడుకున్నాం. స్తంభాలైతే స్తంభాలు, ముందు తలమీద కప్పు రానివ్వండి, ఈ చలికాలం ఒక్క పసిగుడ్డు పోకపోతే చాలు అన్నాను నేను. అవును, నేనే అన్నాను. డేరాలో చలికి నీలంగా మారిన పిల్లను ఒడిలో పెట్టుకున్నదాన్ని నేను. కుందన్ సింగ్ గుప్పిట్లో పాలరాతి ముక్కని తిప్పుకుంటూ కూర్చున్నాడు. గోదాంబరి మాత్రం, పగలు వస్తే నా పిల్లల్ని ఏ మెట్ల మీద నుంచి దింపమంటావక్కా అని అడిగింది.

పులిగడ్డ దాటాక

పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా కృష్ణ దాటితే దివిసీమ. కింద నది, నది మీద స్తంభాలు, స్తంభాల మీద కాలవ. నది పైనుంచి కాలవ నడిచి అవతలికి పోతోంది. కుందన్ సింగ్ కారాపించి దిగి, కిందికీ పైకీ చూశాడు.

"ఇక్కడ నీళ్ళు కూడా స్తంభాల మీదే నడుస్తాయి" అన్నాడు నాతో. "వీళ్ళతో మనం గెలవలేం."

వెంకటరత్నం గారు అవతలి గట్టుకు వచ్చేసరికి మాటలు తగ్గించేశారు. అవనిగడ్డ, ఆ తర్వాత చేపల చెరువులూ తాటిచెట్లూ దాటి, ఉప్పుగాలి తగిలే ఆయన ఊరు చేరేసరికి మర్నాడు పొద్దున పది దాటింది. అక్కడ ఉంది అసలు షెల్టరు. ఎత్తయిన లావుపాటి స్తంభాలు, పైన గదులు. పైగదుల్లోనే ఊరి బడి. స్తంభాల మధ్య మేకలు కట్టేసి ఉన్నాయి, వలలు ఆరేశారు, ఒక మూల ఎండుచేపలు. ఒక స్తంభం మీద నా తలకు చాలా పైన ఎర్రరంగు గీత ఉంది.

"నీళ్ళు అక్కడిదాకా వచ్చినయ్యండి" అంది నాంచారమ్మ. చేపలమ్ముకునే మనిషి, షెల్టరు తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. "ఉప్పెనప్పుడు ఈ మేడ లేదు. మేం ఉన్నది ఆ గీతకి కింద. అంతే."

ఆ గీతనీ, మా గోదాంబరినీ మార్చి మార్చి చూసి, మీకు ఏమొచ్చిందని అడిగింది. భూమి ఊగిందని చెప్పాను. ఆమె కాసేపు నమ్మలేదు. భూమే ఊగితే ఇంక దేన్ని పట్టుకుంటారు పాపం అని గోదాంబరి చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

మెట్ల మీద

పైన పెద్ద గదిలో సన్మానం. పూలదండలు, శాలువాలు, ప్లాస్టిక్ కుర్చీలు, కుండలో మజ్జిగ. మమ్మల్ని కూర్చోబెట్టి, వెంకటరత్నం గారు మాకు చెప్పకుండా ఒక ఏర్పాటు చేశారు. తుఫాను వస్తే పిల్లలు షెల్టరు ఎలా ఎక్కుతారో అతిథులకు చూపించాలని. బొకేలిచ్చే ఇద్దరు తప్ప పిల్లలందర్నీ కింద ఆవరణలో నిలబెట్టారు. హెడ్మాస్టరు గంట కొట్టగానే అందరూ పరుగున మెట్లెక్కి పైకి రావాలి. వాళ్ళ వెనక దండలు పట్టుకుని వెంకటరత్నం గారు రావాలి.

గంట మోగింది. ఊరి పిల్లలంతా ఒక్కసారి మెట్ల మీద పడ్డారు. ఆ కాళ్ళ చప్పుడు గోడల్లోంచి, నేల్లోంచి మా కుర్చీల్లోకి వచ్చింది. మజ్జిగ కుండ మీద గ్లాసు గలగలమంది.

తర్వాత ఏం జరిగిందో మేం ముగ్గురం మూడు రకాలుగా చెప్పుకుంటాం. నాకు గుర్తున్నది ఇది. గోదాంబరి కుర్చీలోంచి లేవడం నేను చూడలేదు. ముందు వరసలో బొకేలివ్వడానికి నిలబడ్డ ఆడపిల్లలిద్దర్నీ చెరొక చేత్తో పట్టుకుని అప్పటికే తలుపు దగ్గరుంది. "బాహర్, బాహర్" అంటోంది, బయటికి రమ్మని. ఒళ్ళో థర్మోకోల్ బిల్డింగుతో కుందన్ సింగ్ ఆమె వెనక. ఆయన వెనక మెళ్ళో శాలువాతో నేను. బుర్రకి తెలుసు ఇది భూకంపం కాదని. కాళ్ళకి తెలియదు.

మెట్లు సన్నవి. ఎక్కేవాళ్ళు వంద మంది, దిగేవాళ్ళం అయిదుగురం. మధ్యలో కలిశాం. పిల్లలు ఆగలేదు, నీళ్ళొస్తుంటే ఆగకూడదని వాళ్ళకి నేర్పారు. మేం ఆగలేదు, భూమి కదిలితే ఆగకూడదని మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. వెనకనుంచి దండలతో వచ్చిన వెంకటరత్నం గారు మెట్లకు అడ్డంగా ఇరుక్కుపోయారు. ఆయన కింద చెప్పులు, ఆయన మీద బంతిపూలు, ఎవరి మోచెయ్యో నా కంట్లో. కిందనుంచి నాంచారమ్మ, ఎక్కేవాళ్ళయినా దిగేవాళ్ళయినా ఎవరో ఒకరు ఒక మాట మీద ఉండండని కేకేసింది. ఒక మేక కూడా ఎక్కబోయింది. చివరికి హెడ్మాస్టరు పిల్లల్ని వెనకనుంచి ఒక్కొక్కర్నీ దింపితే గాని ముడి విడలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఒక పిల్ల ఏడ్చింది, ఆ పిల్లను చూసి ఇంకొందరు నవ్వారు.

అందరం ఎక్కడివాళ్ళం అక్కడే మెట్ల మీద చతికిలబడ్డాం. వెంకటరత్నం గారికి ఊపిరి అందడం లేదు.

"ఎందుకు దిగారమ్మా?" అన్నారు. "బాగానే ఎక్కుతున్నారుగా పిల్లలు."

గోదాంబరికి చెప్పాను. ఆమె ఆ ఆడపిల్లలిద్దర్నీ ఇంకా పట్టుకునే ఉంది. "భూమి కదిలితే దిగాలి కదా" అంది. ఆయనకు తెలుగులో చెప్పాను.

"నీళ్ళొస్తే ఎక్కాలి కదమ్మా" అన్నారాయన. అంటూనే మెట్ల పైకీ కిందికీ చూశారు.

అప్పుడు కుందన్ సింగ్ థర్మోకోల్ బిల్డింగుని ఆయన ముందు మెట్టు మీద పెట్టాడు. ఆ తొక్కిసలాటలో స్తంభాలన్నీ విరిగి తలోదిక్కూ పోయాయి. పైగదులు మాత్రం చెక్కుచెదరలేదు. తలుపులూ కిటికీలూ ఎక్కడివక్కడే ఉండి, మొత్తం బిల్డింగు నేలమీద కూర్చుంది. నీలం అలలు దాని కింద నలిగిపోయాయి. మా టౌను లాడ్జి తెల్లారేసరికి అచ్చం అలాగే ఉంది.

ఇన్ని రోజుల్లో మొదటిసారి మా చుట్టూ తినడానికి ఎవరూ ఏమీ పట్టుకుని నిలబడలేదు. చెప్పాను. సురేశీ గురించి చెప్పాను. ఆమెను చంపింది గోడ కాదని, ఆమె గది గదిలాగే ఉందని, కింది స్తంభాలే లేవని చెప్పాను. ఆమె చేతికి పెళ్ళి గోరింటాకు ఇంకా ఆరలేదని కూడా చెప్పాను, అది చెప్పాలనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. మా పిల్లలకు మీ స్తంభాలు వద్దండీ అన్నాను. ఆ మాట ఆయనకు వినపడింది.

వెంకటరత్నం గారు మెడలో చిక్కుకున్న బంతిదండ తీసి పక్కన పెట్టారు.

"ఆ రాత్రి మా చెల్లెలి చెయ్యి నా చేతిలోనే ఉందమ్మా" అన్నారు. "చిన్నపిల్ల. నీళ్ళు ఇంకా రాలేదు, చప్పుడు వినపడుతోంది. ఎక్కడానికి ఏమీ లేదు. తాటిచెట్టు నేనెక్కగలను, అది ఎక్కలేదు. ఒక్క నాలుగు మెట్లుంటే చాలు. ఎవరైనా ఒక నాలుగు మెట్లు కట్టి ఉంటే చాలనిపిస్తుంది ఇప్పటికీ."

నేను ఈ మాటలు హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. అక్కర్లేదన్నాడు కుందన్ సింగ్.

తర్వాత మాట్లాడుకున్నది ఆ మెట్ల మీదే. బిల్డింగు నేలకు అంటుకుని ఒకే అంతస్తు ఉండాలి. గోడల చుట్టూ కింద ఒకటి, తలుపుల పైన ఒకటి, కప్పు కింద ఒకటి కాంక్రీటు పట్టీలు నడికట్టు బిగించినట్టు తిప్పాలి. మీద తేలికపాటి రేకులు. ప్రతి గదికీ రెండు తలుపులు, అవి బయటికి తెరుచుకోవాలి. ఆయన అన్నింటికీ తలాడించారు. వంచిన చువ్వలు పట్టీలకు పనికొస్తాయని ఆయనే అన్నారు. ఒక్క కోరిక మాత్రం కోరారు.

"మెట్లు పెట్టించుకోండి బావగారూ. బిల్డింగుకి ఆనించొద్దు. ఎక్కడో ఒక చోట విడిగా ఉంటాయి. ఎందుకైనా మంచిది."

కుందన్ సింగ్ వద్దనలేదు. అప్పుడు నాంచారమ్మ, అన్నాలు చల్లారిపోతున్నాయి లేవండి అంది.

మా ఊళ్ళో

మంచు పడేలోపు పునాదులు, మరుసటి ఎండాకాలానికి బిల్డింగు. ఇప్పుడు నేను ఇది రాస్తున్నది కొత్త ఆసుపత్రి గదిలో కూర్చుని. బడి ఆవరణ మధ్య, దేనికీ ఆనకుండా, ఎక్కడికీ పోకుండా, మా కొండరాళ్ళతో గట్టి దిమ్మెలా కట్టిన వెడల్పాటి మెట్ల వరస ఉంది. చివరి మెట్టు ఎక్కితే ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఎంత ఎత్తంటే, దివిసీమ స్తంభం మీది ఎర్రగీత అంత. కొలత కుందన్ సింగ్ తాడుతో తీసుకొచ్చాడు. బందరు నుంచి వచ్చిన శిలాఫలకం దానికే అతికించాం, అలలతో సహా. బ్లాకు ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఇదేమిటని అడుగుతాడు. తుఫాను మెట్లని చెప్తాం. మొదటిసారి నవ్వాడు, ఆ తర్వాత మా బుర్రల గురించి భయపడుతున్నట్టున్నాడు.

ఆ మరుసటి ఏడు ఒకరోజు పొద్దున్నే బడి జరుగుతుండగా భూమి మళ్ళీ కదిలింది. మొదటిసారంత కాదు, కానీ అల్మారాలో సీసాలు దొర్లాయి. కాన్పయిన అమ్మాయిని ఒక చేత్తో, బిడ్డను ఒక చేత్తో పట్టుకుని నేను బయటికి వచ్చేసరికి బడి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గదులు ఖాళీ. ఆవరణలోకి చూశాను. గోదాంబరి పిల్లలందర్నీ తుఫాను మెట్ల మీద తరగతి వారీగా, వరసకొక తరగతి కూర్చోబెట్టింది. ఎవరు లేరో ఒక్క చూపులో తెలుస్తుంది. అందరూ ఉన్నారు.

సాయంత్రం దిగువ బజారులోని ఎస్టీడీ బూత్ నుంచి గుడివాడకు ఫోన్ చేశాను. భూమి కదిలిందని చెప్పగానే అవతల ఆయన ఊపిరి వినపడింది.

"పిల్లలు?"

"అందరూ బాగున్నారండి. మీ మెట్ల మీద కూర్చున్నారు."

లైను కట్టయిందనుకున్నాను.

"చిన్నపిల్లల్ని పై మెట్టు మీద కూర్చోబెట్టమ్మా" అన్నారు.

అప్పటినుంచీ అక్కడే కూర్చోబెడుతున్నాం.